థియేటర్ ఆర్గన్లు, ఆన్‌లైన్ మోసాలు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అట్లాంటా శివార్లలో ఉంటాను. శనివారాలు ఒక పాత సినిమా హాల్లో పైప్ ఆర్గన్‌ని, అంటే గాలితో గొట్టాలు మోగే పెద్ద వాయిద్యాన్ని, బాగుచేసే బృందంతో గడుస్తాయి. తోలు మార్చడం, దుమ్ము దులపడం, తెగిన తీగలు అతకడం మా పని. మిగతా రోజుల్లో మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఎవరికి అనుమానపు మెసేజ్ వచ్చినా నాకు పంపి "ఇది నిజమేనా అన్నా?" అని అడుగుతుంటారు. రెండు రకాల ప్రశ్నలూ ఏళ్లుగా వస్తూనే ఉన్నాయి కాబట్టి జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ఆర్గన్లకీ మోసాలకీ సంబంధం ఏమిటి?

"ఉచితం" అన్న మాటే సంబంధం. పాత ఆర్గన్లు నిజంగానే ఉచితంగా ఇచ్చేస్తారు. తాతగారు బేస్‌మెంట్‌లో గొట్టాలన్నీ బిగించుకుని ముప్పై ఏళ్లు వాయించుకుంటారు. ఆయన పోయాక పిల్లలు ఇల్లు అమ్మకానికి పెట్టి, ఎవరైనా వచ్చి పట్టుకుపొండి మహాప్రభో అంటారు. విప్పడానికి, మోయడానికి, దాచడానికి అయ్యే ఖర్చు ఆ వస్తువు ధరను మించిపోతుంది. అందుకే "ఊరికే ఇస్తున్నారంటే మోసమే" అన్న సూత్రం మా దగ్గర పనికిరాదు. నిజమైన ఉచితం ఏదో, దొంగ ఉచితం ఏదో విడదీసి చూడక తప్పలేదు. ఆ చూపు అలవడ్డాక తెనాలిలో మా పిన్నికి వచ్చిన పోలీసు కాల్ అయినా, ఇక్కడి పిల్లలకు వచ్చే ఉద్యోగం మెసేజ్ అయినా అదే కళ్లతో చూడగలుగుతున్నాను.

థియేటర్ ఆర్గన్ అంటే పెద్ద హార్మోనియమా?

మెట్లు (వేళ్లతో నొక్కే కీలు) ఉంటాయి, గాలి ఉంటుంది. పోలిక అక్కడితో సరి. హార్మోనియంలో తిత్తి గాలికి చిన్న ఇత్తడి రేకులు కంపిస్తాయి. పైప్ ఆర్గన్‌లో ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం నిలబడి ఉంటుంది. కొన్ని గొట్టాలు పిల్లనగ్రోవిలా, అంచుకు గాలి తగిలి మోగుతాయి. కొన్నిటి లోపల సన్నాయిలో లాగా ఒక నాలుక ఉండి అది కొట్టుకుంటుంది. ఒకే రకం నాదం ఉన్న గొట్టాల సమూహాన్ని ఒక వరుస అంటాం. మామూలు వరుసలో 61 గొట్టాలుంటాయి. పైకీ కిందికీ పొడిగించిన టిబియా వరుసలో 97 దాకా ఉండొచ్చు.

టిబియా అంటే పెద్ద చెక్క గొట్టాలు. ఊఁ అని గుండెలోంచి వచ్చినట్టుండే గుండ్రటి నాదం. థియేటర్ ఆర్గన్‌కి ప్రాణం అదే. వోక్స్ హ్యూమానా అనే సన్న గొంతు దానికి జత కలుస్తుంది. ఆ రెండూ కలిసి వణుకుతూ మోగుతుంటే వినాలి. ఆ వణుకుని గమకం అనుకోకండి. ట్రెములెంట్ అనే పరికరం గాలినే క్రమంగా ఊపుతుంది, దాంతో వరుస మొత్తం ఊగుతుంది. చర్చి ఆర్గన్లలో ఈ ఊపు తక్కువ. గాలి ఒత్తిడి కూడా తక్కువే. ఆ ఒత్తిడి నీటిని ఎన్ని అంగుళాలు పైకి తోస్తుందో చూసి కొలుస్తారు. చర్చి ఆర్గన్‌లో మూడు నాలుగు అంగుళాలు సరిపోతుంది. థియేటర్‌లో పది అంగుళాలు మామూలు, కొన్ని బాకాలకు ఇంకా ఎక్కువ.

మరి అందులో పక్షి కూతలు, రైలు కూతలు ఎందుకు?

మూకీ సినిమాల కోసం. తెర మీద గుర్రం పరుగెడితే డెక్కల చప్పుడు కావాలి, తలుపు తడితే గంట మోగాలి. కన్సోల్ (మెట్లు, మీటలు ఉండే వాయించే బల్ల) దగ్గర కూర్చున్న ఒక్క మనిషి సంగీతంతో పాటు ఇవన్నీ పలికించాలి. అందుకని గొట్టాల గదిలోనే డోళ్లు, తాళాలు, గంటలు, సైరన్, కారు హారన్, కొబ్బరి చిప్పల్లాంటి డెక్కలు బిగించేవారు. ఇవన్నీ నిజం వస్తువులే, రికార్డింగులు కావు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పక్షి. మొదటిసారి గదిలోకి వెళ్లినప్పుడు మా బృందంలో పెద్దాయన టార్చ్ వేసి చూపించారు. అరచేతిలో పట్టే లోహపు గిన్నె, దానిలో కాసిని నీళ్లు, ఆ నీళ్లలో తలకిందులుగా మునిగి ఉన్న వేలెడంత ఈల. గాలి వదిలితే నీళ్లు బుడబుడలాడి స్వరం ఎగిరెగిరి పడుతుంది. హాల్లో కూర్చున్నవాళ్లు తలెత్తి పైకప్పు వైపు చూస్తారు. ప్రతి ప్రదర్శనకు ముందు ఆ గిన్నెలో నీళ్లు పోయడం ఇప్పుడు నా పని.

దీన్ని కనిపెట్టింది ఎవరు?

ఒక్కడే అనలేం గానీ, పునాది వేసింది రాబర్ట్ హోప్-జోన్స్. 1859లో ఇంగ్లండ్‌లో పుట్టాడు, టెలిఫోన్ కంపెనీలో ఎలక్ట్రీషియన్. మెట్టు నుంచి గొట్టం దాకా కర్రపుల్లలూ తీగలూ లాగే పాత పద్ధతి బదులు, టెలిఫోన్‌లో లాగా విద్యుత్తుతో కబురు పంపితే సరిపోతుంది కదా అనుకున్నాడు. అలా పంపితే కన్సోల్ ఒకచోట, గొట్టాలు ఇంకోచోట ఉండొచ్చు. ఒకే వరుసను అనేక చోట్ల నుంచి, అనేక స్థాయుల్లో వాడుకోవచ్చు. తక్కువ గొట్టాలతో పెద్ద ఆర్కెస్ట్రా పలుకుతుంది.

ఆయన 1903లో అమెరికా వచ్చాడు. సొంత కంపెనీ నిలవక 1910లో న్యూయార్క్ రాష్ట్రంలోని నార్త్ టోనవాండాలో ఉన్న వుర్లిట్జర్ అనే వాయిద్యాల కంపెనీతో కలిశాడు. నాలుగేళ్లకే, 1914లో చనిపోయాడు. తన ఆలోచన దేశమంతా మోగడం చూడలేదు. ఆ తర్వాత వుర్లిట్జర్ రెండు వేలకు పైగా ఆర్గన్లు చేసింది. జనం నోట్లో థియేటర్ ఆర్గన్ అంటే వుర్లిట్జరే అయిపోయింది గానీ మోలర్, రాబర్ట్ మోర్టన్, కింబల్, బార్టన్ కూడా గొప్పవే. ఇంగ్లండ్‌లో కాంప్టన్ ఉండేది.

మెట్టు నొక్కితే లోపల ఏం జరుగుతుంది?

మెట్టు కింద సన్నని తీగ ఇంకో తీగను తాకుతుంది. తక్కువ వోల్టేజీ కరెంటు వెళ్లి, గొట్టాల గదిలో చిటికెన వేలంత అయస్కాంతాన్ని లేపుతుంది. అది ఒక చిన్న రంధ్రం తెరుస్తుంది. ఆ రంధ్రంలోంచి గాలి జారిపోగానే తోలుతో చేసిన బుల్లి తిత్తి ముడుచుకుంటుంది. అది ఇంకాస్త పెద్ద తిత్తి ముడుచుకునేలా చేస్తుంది, ఆ తిత్తి గొట్టం కింది మూతను లాగుతుంది. అప్పుడు గొట్టం మోగుతుంది. ఇంతా జరిగేది రెప్పపాటులో.

బలహీనత తోలు దగ్గరే ఉంది. గొర్రె తోలు ఎంత మంచిదైనా నాలుగైదు దశాబ్దాలు దాటితే పొడి పొడిగా రాలుతుంది. ఆ తిత్తులు ఒక్కో ఆర్గన్‌లో వేలల్లో ఉంటాయి. పాతది గీకాలి, కొత్త తోలు కొలతకు కోయాలి, అంచులు పలచగా చెక్కాలి, వేడి సరేసు పూసి అది చల్లారేలోపు ముడత లేకుండా అతికించాలి. మొదటి ఏడాది నేను అతికించిన వాటిలో సగం మా పెద్దాయన పీకేశారు. "గాలికి దయ ఉండదు, సూదిమొన అంత సందు చాలు దానికి" అనేవారు.

ఇంత గొప్పవి ఎందుకు పోయాయి?

1927 తర్వాత టాకీలు వచ్చాయి, వెంటనే ఆర్థిక మాంద్యం కమ్మింది. హాలు యజమానికి ఆర్గనిస్టు జీతం దండగ అనిపించింది. కొన్ని చర్చిలకు వెళ్లాయి, కొన్ని ఇళ్లకు, చాలా మటుకు భవనాలతో పాటే కూలిపోయాయి. మిగిలినవాటిని దక్కించుకుందామని 1955లో అమెరికన్ థియేటర్ ఆర్గన్ సొసైటీ మొదలైంది.

ఇప్పుడు ఎక్కడ వినొచ్చు?

అట్లాంటాలో ఉన్నవాళ్లు ఫాక్స్ థియేటర్‌కి వెళ్లండి. 1929 క్రిస్మస్ రోజున తెరిచారు. మైటీ మో అని ముద్దుగా పిలిచే అక్కడి మోలర్ ఆర్గన్‌కి మెట్ల వరుసలు నాలుగు, గొట్టాల వరుసలు 42, మొత్తం గొట్టాలు 3,622. 1970లలో ఆ భవనాన్ని పడగొట్టి టెలిఫోన్ కంపెనీ ఆఫీసు కట్టాలనుకుంటే ఊరి జనం విరాళాలు పోగేసి కాపాడుకున్నారు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా నాకు కళ్లు చెమరుస్తాయి. మన ఊళ్లలో పాత టాకీసులు కల్యాణ మండపాలుగా, గోడౌన్లుగా మారిపోవడం చూసి వచ్చినవాణ్ని.

న్యూయార్క్ వెళ్తే రేడియో సిటీ మ్యూజిక్ హాల్. 1932 నాటిది, 58 వరుసలు, రెండు కన్సోళ్లు. థియేటర్ల కోసం వుర్లిట్జర్ చేసినవాటిలో అదే పెద్దది. బే ఏరియావాళ్లకు పాలో ఆల్టోలో స్టాన్‌ఫర్డ్ థియేటర్ ఉంది, పాత సినిమాలకు ముందు ఆర్గన్ వాయిస్తారు. ఫీనిక్స్ చుట్టుపక్కల ఉంటే పిల్లల్ని తీసుకుని మేసాలోని ఆర్గన్ స్టాప్ పిజ్జాకి వెళ్లండి. అక్కడి ఆర్గన్‌ని, డెన్వర్ థియేటర్‌లో 1927లో పెట్టిన వుర్లిట్జర్‌తో మొదలుపెట్టి, దాదాపు 6,000 గొట్టాల దాకా పెంచారు. మా చిన్నది పిజ్జా ముక్క చేతిలో పట్టుకుని తినడం మర్చిపోయి చూసింది.

"ఉచితంగా పియానో ఇస్తాం" అని మెయిల్ వచ్చింది. నమ్మొచ్చా?

ఇదే నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న. 2024 నుంచి అమెరికాలో కాలేజీ విద్యార్థులకు, అధ్యాపకులకు ఈ మెయిళ్లు పెద్దఎత్తున వస్తున్నాయి. కథ దాదాపు ఒకటే. భర్త పోయారు, ఆయన ప్రాణంగా చూసుకున్న పియానో ఉంది, సంగీతం ప్రేమించేవాళ్లకు ఇవ్వాలనుకుంటున్నాం. మీరు సరే అంటే "పియానో ఇప్పటికే మూవర్స్ దగ్గర ఉంది, వాళ్లతో మాట్లాడుకోండి" అని ఒక మెయిల్ ఐడీ ఇస్తారు. ఆ మూవర్స్ కూడా వాళ్లే. రవాణా కింద కొన్ని వందల డాలర్లు ముందుగా జెల్ (అమెరికాలో డబ్బు పంపే యాప్)లోనో క్రిప్టోలోనో కట్టమంటారు. కట్టాక పియానో రాదు, మనిషి దొరకడు.

మరి నిజంగా ఇచ్చేవాళ్లు ఎలా ఉంటారు? నేను అలాంటి ఇళ్లకు పదిహేను దాకా వెళ్లి ఉంటాను. వాళ్ల తొందర వాయిద్యం వదిలించుకోవాలని, మీ డబ్బు కోసం కాదు. "ఎప్పుడొచ్చి చూస్తారు?" అని వాళ్లే వెంటపడతారు. వెళ్తే బేస్‌మెంట్ మెట్ల మీద నిలబెట్టి గంటసేపు నాన్న కబుర్లు చెబుతారు. ట్రక్కు మీరే తెచ్చుకోమంటారు. ఏ మెట్టు పలకదో, ఎలుకలు ఎక్కడ కొరికాయో ముందే చెప్పేస్తారు.

దొంగ మాత్రం చూడటానికి రానివ్వడు. ఊళ్లో లేనంటాడు, తాళం మూవర్స్ దగ్గర ఉందంటాడు. రవాణా వాడు కుదిర్చినవాడే కావాలంటాడు. కాబట్టి నేను అడిగేది ఒకటే: రేపు మా ఫ్రెండ్ వచ్చి చూస్తాడు, ఏ టైముకి రమ్మంటారు? దానికి సూటిగా జవాబు రాకపోతే అక్కడితో వదిలేయండి.

"అసలైన థియేటర్ వుర్లిట్జర్" అని అమ్మకానికి పెట్టారు. ఎలా తెలుస్తుంది?

ముందు ఫొటో చూడండి. గొట్టాలు, బ్లోయర్ (గాలి కొట్టే యంత్రం), తిత్తుల పెట్టెలు కనిపించకుండా ఒక్క బల్ల సైజు పెట్టె మాత్రమే ఉంటే అది ఇళ్లలో వాయించుకునే ఎలక్ట్రానిక్ ఆర్గన్. వుర్లిట్జర్ పేరు జూక్‌బాక్స్‌ల మీద, ఎలక్ట్రిక్ పియానోల మీద కూడా ఉంటుంది. అమ్మేవాడు తెలియక చెప్పి ఉండొచ్చు, ప్రతి తప్పూ మోసం కాదు.

నిజంగా గొట్టాలున్నదే అయితే ఓపస్ నంబర్ అడగండి. ఫ్యాక్టరీ ప్రతి ఆర్గన్‌కీ ఒక నంబర్ ఇచ్చింది. ఏ నంబర్ ఏ ఊరి ఏ హాలుకి వెళ్లిందో అభిమానులు దశాబ్దాలుగా జాబితాలు రాసి పెట్టారు. నంబర్ చెప్పగలిగితే దాని పుట్టుపూర్వోత్తరాలు థియేటర్ ఆర్గన్ సొసైటీ శాఖల్లో ఎవరో ఒకరు చెప్పేస్తారు. చెప్పలేకపోతే, ఫలానా గొట్టం అడుగుభాగం ఫొటో తీసి పంపమనండి. ఎక్కడినుంచో బొమ్మలు ఎత్తుకొచ్చినవాడు ఆ ఫొటో ఇవ్వలేడు.

కొనేవాడు చెక్కు పంపాడు. అకౌంట్లో డబ్బు కనిపిస్తోంది. అంటే చెక్కు చెల్లినట్టే కదా?

కాదు. ఇది నేను డబ్బు పోగొట్టుకుని తెలుసుకున్నాను.

ఒక పాత రీడ్ ఆర్గన్ (హార్మోనియంలా రేకులతో మోగేది) 900 డాలర్లకు అమ్మకానికి పెట్టాను. కొంటానన్నవాడు మర్యాదగా మాట్లాడాడు. వాయిద్యం గురించి నాలుగు మంచి ప్రశ్నలు కూడా అడిగాడు. నాకు అతను నచ్చాడు. 2,400 డాలర్ల క్యాషియర్స్ చెక్కు, అంటే బ్యాంకే రాసిచ్చే చెక్కు, కొరియర్‌లో వచ్చింది. మిగతా 1,500 నా తరఫున రవాణావాళ్లకు పంపేయండి, వాళ్లు చెక్కులు తీసుకోరు అన్నాడు. మర్నాడే బ్యాంకు యాప్‌లో డబ్బు కనిపించింది. కౌంటర్ దగ్గర అడిగితే "వాడుకోవచ్చు" అన్నారు. 1,500 పంపాను. తొమ్మిదో రోజు చెక్కు దొంగదని తిరిగొచ్చింది. 2,400 వెనక్కి తీసేసుకున్నారు.

"వాడుకోవచ్చు" అన్న మాటకీ "చెల్లింది" అన్న మాటకీ తేడా ఆరోజు దాకా నాకు తెలియదు. అమెరికా చట్టం ప్రకారం చెక్కు డబ్బును బ్యాంకు కొద్ది రోజుల్లోనే మీ చేతికి అందించాలి. ఆ చెక్కు అసలుదో కాదో తేలడానికి వారాలు పట్టొచ్చు. ఈ మధ్యలో ఖర్చుపెట్టిందంతా మీ నెత్తినే పడుతుంది. క్యాషియర్స్ చెక్కు అయినా, మనీ ఆర్డర్ అయినా ఇంతే. అడిగినదానికంటే ఎక్కువ పంపి మిగతాది తిప్పి పంపమన్నవాడికి ఒక్క పైసా పంపకండి. దీనికి మినహాయింపు ఉండగా నేను చూడలేదు.

మా సంఘం అధ్యక్షుడు గిఫ్ట్ కార్డులు కొనమని మెయిల్ పెట్టారు. కొనాలా?

వద్దు. ఆయనకు ఫోన్ చేయండి, మెయిల్‌కి జవాబివ్వకండి. ఆర్గన్ క్లబ్బులు, చర్చిలు, మన తెలుగు సంఘాలు, గుళ్లు, వీటన్నిటిలో కార్యవర్గం పేర్లు బహిరంగంగా ఉంటాయి. ఆ పేరుతో ఒక జీమెయిల్ తెరిచి కోశాధికారికి "మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ ఎత్తలేను, కాస్త అర్జెంటు" అని పంపుతారు. కార్డు వెనక నంబర్ గీకి ఫొటో పంపితే నిమిషాల్లో ఖాళీ చేస్తారు. మా బృందంలో ఎనభై దాటిన ఒక పెద్దావిడ నాలుగు కార్డులు కొని, బిల్లింగ్ కౌంటర్ అమ్మాయి "ఎవరికోసం అమ్మా ఇన్ని?" అని అడిగినందువల్ల ఆగిపోయింది. ఆ అమ్మాయి ఎవరో గానీ చల్లగా ఉండాలి.

టోల్ బాకీ ఉందని మెసేజ్, ఇమిగ్రేషన్ నుంచి కాల్. ఇవి?

టోల్ మెసేజ్‌లో లింక్ నొక్కకండి. జార్జియాలో పీచ్ పాస్ (ఇక్కడి టోల్ అకౌంట్) పేరుతోనూ వస్తున్నాయి. అనుమానం ఉంటే మీ అకౌంట్‌లోకి మీరే వెళ్లి చూసుకోండి. ఇమిగ్రేషన్ ఆఫీసు ఫోన్ చేసి డబ్బు కట్టమని అడగదు. పన్నుల శాఖ సాధారణంగా ముందు ఉత్తరం రాస్తుంది. కొత్తగా వచ్చిన విద్యార్థులను "మీ ఐ-20లో (స్టూడెంట్ వీసా పత్రం) తప్పుంది, డిపోర్ట్ చేస్తాం" అని బెదిరిస్తారు. నంబర్ చూస్తే ప్రభుత్వ ఆఫీసుదే అనిపిస్తుంది, ఆ నంబర్‌ని నకిలీ చేయడం వాళ్లకు చాలా తేలిక. ఫోన్ పెట్టేసి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లండి.

అమ్మానాన్నలు ఇండియాలో ఒంటరిగా ఉంటారు. డిజిటల్ అరెస్ట్ గురించి ఎలా చెప్పాలి?

నేను మా పిన్ని సంగతి చెబుతాను. టీచర్‌గా రిటైరైంది, తెనాలిలో ఒక్కతే ఉంటుంది. ఒకరోజు పదిన్నరకి కాల్. మీ పేరు మీద ముంబైలో పార్సిల్ పట్టుబడింది, అందులో డ్రగ్స్ ఉన్నాయి, లైన్‌లో ఉండండి. కాసేపటికి వీడియోలో యూనిఫాం వేసుకున్న మనిషి, వెనక జాతీయ జెండా, బల్ల మీద ఫైళ్లు. "మిమ్మల్ని డిజిటల్ అరెస్ట్ చేస్తున్నాం. కాల్ కట్ చేసినా, ఎవరికైనా చెప్పినా మీ అబ్బాయి ఉద్యోగం పోతుంది." పిన్ని ఫోన్‌ని దేవుడి గూటి ముందు ఆనించి మూడు గంటలు కూర్చుంది. మంచినీళ్లకు కూడా అడిగి లేచింది.

ఒంటిగంట దాటాక పక్కింటావిడ గిన్నె పట్టుకుని వచ్చింది, పెరుగు తోడుకని. "అక్కయ్యగారూ, ఏంటలా చెమటలు పోసేస్తున్నాయి?" అంటే పిన్ని పెదాల మీద వేలు పెట్టింది. ఆవిడ తొంగి చూసి, ఆ యూనిఫాం మనిషిని చూసి, "ఎవర్రా నువ్వు?" అని ఫోన్ కట్ చేసేసింది. ఆ తర్వాత ఏమీ జరగలేదు. ఎవరూ రాలేదు. పిన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ విరగ్గొట్టడానికి యాప్ తెరిచి ఉంది అప్పటికే.

మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఏ పోలీసూ, సీబీఐ, ఈడీ వీడియో కాల్‌లో అరెస్ట్ చేయరు, డబ్బు "పరిశీలన ఖాతా"కి పంపమనరు. 2024 అక్టోబరులో ప్రధానమంత్రి కూడా రేడియోలో ఇదే చెప్పారు. అయితే పెద్దవాళ్లకు ఈ సమాచారం ఇచ్చి ఊరుకుంటే సరిపోదు. పిన్ని పేపర్ చదువుతుంది, ఈ మోసం గురించి చదివింది కూడా. భయం పుట్టినప్పుడు చదివింది గుర్తురాదు. అందుకని మేం ఒక మాట అనుకున్నాం: ఎవరు ఏం చెప్పినా "మా అబ్బాయిని అడిగి చెబుతాను" అని కట్ చేయడం. నిజం పోలీసు అయితే రేపు ఇంటికొస్తాడు. పిన్ని ఆ వాక్యాన్ని కాగితం మీద రాసి క్యాలెండర్ పక్కన అంటించుకుంది. అర్ధరాత్రి అయినా సరే నాకు చేయమని, ఎందుకు చేశావని ఎప్పుడూ విసుక్కోనని మాటిచ్చాను. ఆ మాట నిలబెట్టుకోవడం మన వంతు. పెద్దవాళ్లు చాలామంది మనల్ని ఇబ్బంది పెట్టకూడదనే నోరు మూసుకుంటారు.

ఫోన్‌పే, గూగుల్ పే విషయంలో గుర్తుపెట్టుకోవలసింది?

డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, క్యూఆర్ కోడ్ స్కాన్ అక్కర్లేదు. పిన్ కొడుతున్నారంటే డబ్బు మీ దగ్గర్నుంచి వెళ్తోంది.

వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ వచ్చింది, తెరవబోతే ఇన్‌స్టాల్ అడుగుతోంది.

శుభలేఖ ఫొటోనో, పీడీఎఫ్‌నో, వీడియోనో అవుతుంది. ఏపీకే అని ఉంటే అది యాప్, మీ ఎస్సెమ్మెస్‌లూ ఓటీపీలూ చదివే యాప్. చలానా పేరుతో, కిసాన్ డబ్బుల పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో కూడా ఇదే వస్తుంది. తెలిసినవాళ్ల నంబర్ నుంచి వచ్చినా సరే తెరవకండి, వాళ్ల ఫోన్ ఇప్పటికే దొంగల చేతిలో ఉండి ఉంటుంది. పొరపాటున ఇన్‌స్టాల్ చేస్తే వెంటనే ఫ్లయిట్ మోడ్ పెట్టి, వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పండి. అలాగే *401* తో మొదలయ్యే నంబర్ డయల్ చేయమని ఎవరైనా అంటే చేయొద్దు, మీ కాల్స్ వాళ్లకు మళ్లిపోతాయి.

టెలిగ్రామ్‌లో వీడియోలకు లైక్ కొడితే డబ్బులిస్తున్నారు. మావాడికి నిజంగానే వచ్చాయి.

మొదట వస్తాయి. నూటయాభై, మూడొందలు. అది ఎర. తర్వాత "ప్రీపెయిడ్ టాస్క్" అంటారు, వెయ్యి కడితే పదమూడొందలు. యాప్‌లో లాభం లక్షల్లో కనబడుతుంది, తీసుకుందామంటే పన్ను కట్టమంటారు, అకౌంట్ ఫ్రీజ్ అయింది విడిపించమంటారు. ఆ అంకెలు తెర మీద బొమ్మలే. వచ్చిన మూడొందలు ఉంచుకుని ఆగిపోతే మీవాడు గట్టెక్కినట్టే. ఇంట్లో తిట్టకండి. తిడితే పోయినదాన్ని రాబట్టాలని అప్పు చేసి మరీ కడతారు.

డబ్బు పోయింది. ఇప్పుడేం చేయాలి?

ఇండియాలో అయితే 1930కి వెంటనే ఫోన్ చేయండి. నిమిషాలు లెక్కే. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకి దూకేలోపు చెబితే మధ్యలో ఆపే అవకాశం ఉంటుంది. లావాదేవీ నంబర్, సమయం, మొత్తం చేతిలో పెట్టుకోండి. తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. బ్యాంకుకీ చెప్పండి. మెసేజ్‌లు, కాల్ వివరాలు సిగ్గుపడి చెరిపేయకండి, అవే ఆధారాలు.

అమెరికాలో ముందు బ్యాంకు లేదా కార్డు కంపెనీ. గిఫ్ట్ కార్డు అయితే ఆ కార్డు జారీ చేసినవాళ్లకు రసీదుతో సహా చెప్పండి. ఆపైన ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి, ఎఫ్‌బీఐ నడిపే ఐసీత్రీకి (ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల కేంద్రం) ఫిర్యాదు చేయండి.

వారం తిరక్కుండా ఇంకో కాల్ వస్తుంది: "మీ డబ్బు తిరిగి ఇప్పిస్తాం, కొంచెం ఫీజు." నాకూ వచ్చింది. ఒకసారి మోసపోయినవాళ్ల జాబితాలు అమ్ముడుపోతాయి.

ఆర్గన్ బృందంలో చేరాలంటే సంగీతం రావాలా?

రానవసరం లేదు. మా బృందంలో ఇద్దరు ప్లంబర్లు, ఒక నర్సు, రిటైరైన ఒక టెలిఫోన్ లైన్‌మన్ ఉన్నారు. నాకు సరిగమలు దాటి రావు. ఓపిక, రెండు చేతులు చాలు. ఆడియన్స్ వచ్చినప్పుడు హాలు ఎంత వెచ్చగా ఉంటుందో అంతే వెచ్చగా పెట్టుకుని శృతి చేయాలి, ఎందుకంటే గాలి వేడెక్కితే గొట్టాల శృతి పైకి పోతుంది. ఒకరు కన్సోల్ దగ్గర మెట్టు నొక్కి పట్టుకుంటారు, ఇంకొకరు లోపల గొట్టం తలమీది రేకు కొంచెం కొంచెం తడతారు. రెండు స్వరాల మధ్య ఊగే చప్పుడు నెమ్మదించి నెమ్మదించి నిలిచిపోతుంది. లోపలున్న మనిషి "తర్వాతది!" అని అరుస్తాడు. అలా గొట్టం తర్వాత గొట్టం, మధ్యాహ్నం దాకా. మీ ఊళ్లో పాత హాలు ఉంటే వెళ్లి అడిగి చూడండి, మెట్టు నొక్కి పట్టుకునే మనిషి కోసం వాళ్లు ఎప్పుడూ వెతుకుతూనే ఉంటారు.